ప్లగ్ మీద చెయ్యి

పదకొండు నలభైకి లాస్‌పేటలో దిగాం. రెండు ట్రక్కులు, ఒక జీపు, పంతొమ్మిది మంది. వాన మూడో రోజు. ఎయిర్‌పోర్టు మూసేశారు. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు, గోధుమ రంగులో, పడమటి నుంచి తూర్పుకి కదులుతున్నాయి. ట్రక్కు వెనుక తలుపు దించినప్పుడు ఎదురుగా నాకు తెలిసిన మందుల షాపు కనిపించింది. పదో తరగతిలో అక్కడ దగ్గుమందు కొన్నాను.

అది మా ఊరు, తమిళం మాట్లాడే ఊరు. ముత్తియాల్‌పేటలో మా ఇంటికి అక్కడి నుంచి నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ ఇంటికి పదమూడు రోజులు వెళ్లలేదు.

సైన్యమంటే మంచు, సరిహద్దు అనుకుంటారు మా వీధిలో. నేను కాల్చిన తూటాలన్నీ శిక్షణలోనే. సిగ్నల్స్‌లో ఐదేళ్లు పనిచేశాను, కెప్టెన్‌గా బయటికొచ్చాను. "ఏం చేశావు అక్కడ?" అని అడిగితే ఇన్నాళ్లూ నవ్వి ఊరుకున్నాను. చేసింది ఇది.

మా బసకు ఒక కాలేజీ ఇచ్చారు. పై అంతస్తులో రసాయన శాస్త్రం ల్యాబ్ మా కంట్రోల్ రూమ్. గదంతా పాత యాసిడ్ వాసన. నల్లరాతి బల్లల మీద, రెండు సింకుల మధ్య, యంత్రాలు పేర్చాం. నా దగ్గర ఉన్నవి: ఒక లాప్‌టాప్, రెండు కేబుళ్లు, తీగ కొసకు జాక్ బిగించే కటింగ్ ప్లయర్ లాంటిది ఒకటి, గమ్‌బూట్లు ఒక సైజు పెద్దవి, ఖాళీ పాలకవర్లో చుట్టిన డైరీ.

మాకిచ్చిన పని: ఊరి చుట్టూ ఆరు చోట్ల నీటిమట్టం చూసే మనుషులను పెట్టాలి. వాళ్ల మాట ఆలస్యం లేకుండా కంట్రోల్ రూమ్‌కి చేరాలి. సెల్‌టవర్లు ముందురోజే పడిపోయాయి. ఆరు చోట్ల నుంచి యాంటెనాల మీదుగా వచ్చేదంతా మిద్దె మీద దిగి, తీగల్లో కిందికొచ్చి, ఒకే పెట్టెలో కలుస్తుంది. ఆ పెట్టె పేరు స్విచ్. ఎనిమిది రంధ్రాలు, వాటిని పోర్టులంటాం, ఒక్కోదాని పక్కన ఒక ఆకుపచ్చ దీపం. ఆ పెట్టెను నడిపే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని డ్రైవర్ అంటాం. నా బాధ్యత ఆ డ్రైవర్.

ఆరో పోర్టు చెరువు కట్టది. మూలకుళం దాటాక పడమటి వైపు. కట్ట కింద పల్లంలో రెండు వీధులు. కట్టకు గండి పడితే మొదట మునిగేవి అవే.

*

హవల్దార్ హిమాచల్ మనిషి. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆయనకో అలవాటు ఉంది. ఆరుకి, పద్నాలుగుకి, ఇరవై రెండుకి డ్యూటీ మారుతుంది. మారిన ప్రతిసారీ స్విచ్ ప్లగ్ పీకేస్తాడు. పది లెక్కపెడతాడు. మళ్లీ పెడతాడు. రెండు నిమిషాల్లో దీపాలన్నీ వెలుగుతాయి. అప్పుడు రిజిస్టర్‌లో "లైను బాగుంది" అని సంతకం.

మొదటిరోజే అడిగాను, ఎందుకని.

"యంత్రానికి కూడా డ్యూటీ మారాలి కదా మేడమ్."

"ఎవరు చెప్పారు ఇలా చెయ్యమని?"

"నాకు ముందు హవల్దార్. ఆయనకి ఆయన ముందాయన."

నాకు నచ్చలేదు. అలా చేస్తే లోపం ఎప్పుడూ బయటపడదు. ముదిరేలోపే చెరిగిపోతుంది. పైగా రోజుకి మూడుసార్లు రెండేసి నిమిషాలు ఆరు చోట్లూ మూగవి.

రెండోరోజే లోపం కనిపించింది. జోరువానలో యాంటెనా సంబంధం తెగుతుంది, వెంటనే కలుస్తుంది. తెగిన ప్రతిసారీ, కలిసిన ప్రతిసారీ పెట్టె డ్రైవర్‌ని పిలుస్తుంది. రెండు పిలుపులు మరీ దగ్గరగా వస్తే డ్రైవర్ మొదటిదానికి పలికి రెండోది వదిలేస్తుంది. ఆ తర్వాత ఆ పోర్టుకి చెవుడు. అవతలివాళ్లు ఎంత పంపినా లోపలికి రాదు. దీపం మాత్రం ఆకుపచ్చగా వెలుగుతూనే ఉంటుంది. దీపాన్ని వెలిగించేది డ్రైవర్ కాదు, పోర్టు. తీగ తగులుకుని ఉందని మాత్రమే దానికి తెలుసు.

పెట్టె చేసిన కంపెనీకి రాశాం. జవాబు రాలేదు. ప్రోగ్రాం మూలం మా దగ్గర ఉంది. మేజర్ అడిగారు: "నీ వల్ల అవుతుందా?"

"ప్రయత్నిస్తాను సర్."

"గట్టిగా చెప్పు."

"అవుతుంది సర్."

రెండు రోజులు కూర్చున్నాను. పిలుపు వదిలేసే చోటు ఎంత వెతికినా పూర్తిగా పట్టుబడలేదు. అందుకని ఒక కాపలా పెట్టాను. ఐదు సెకన్లకోసారి డ్రైవర్ ప్రతి పోర్టు దగ్గరా లెక్క చూస్తుంది. వచ్చినవీ పోయినవీ కలిపి ఒకటే అంకె. ఆ అంకె పెరక్కపోతే ఆ ఒక్క పోర్టును మూసి తెరుస్తుంది. రెండు సెకన్లు. మిగతా ఐదు చోట్లకూ తెలియను కూడా తెలియదు.

రెండు రోజులు పరీక్షించాం. ఆపరేటర్ తీగ పీకుతాడు, పెడతాడు. నేను గడియారం చూస్తాను. ప్రతిసారీ పోర్టు తిరిగి లేచింది. ఒక్కసారీ తప్పలేదు.

*

మొత్తం పంతొమ్మిది మందిలో తెలుగువాళ్లం ఇద్దరం. రెండోవాడు లైన్‌మన్. లాన్స్ నాయక్, విజయనగరం వైపు మనిషి. స్తంభం మీదికి చెప్పుల్లేకుండా ఎక్కేవాడు. నా మాట వింటే వాడికి నవ్వు.

"ఏటి మేడమ్, ఇదేటి తెలుగండీ? సగం అరవం."

"మా ఇంట్లో ఇంతే. రెండు మూడొందల యేండ్లుగా ఇంతే."

"మరి రాత మాటో? పుస్తకంలా రాత్తన్నారు. ఎనకాల్నుంచి సూసేను. రెండు ముక్కలే, ఒట్టు."

డైరీ మూసేశాను. మా ఇంట్లో ఎవరికీ తెలుగు చదవడం రాదు. మాట్లాడతారు, అంతే. పదమూడేళ్లప్పుడు అక్షరాలు నాకు నేనే నేర్చుకున్నాను. ఇంట్లో పెట్టిన చోట డైరీ పెట్టినట్టే ఉండేది, ఎవరూ చదవలేరు కాబట్టి. సైన్యంలోనూ అంతే. తాళం అక్కర్లేని పెట్టె అది.

"ఓపాలి ఇవ్వండి మేడమ్. తెలుగచ్చరం సూసి ఆర్నెల్లయిపోనాది."

"తర్వాత ఇస్తా."

"ఎప్పుడు?"

"డ్యూటీ అయినాక."

"సరే మరి, మాట మీదుండాల." పాలకవర్ చూసి నవ్వాడు. "ఇందులో పాలున్నాయనుకుని ఎవలైనా ఏడి సేసెత్తారు, జాగర్త."

ఐదోరోజు మధ్యాహ్నం గేటు దగ్గర అమ్మ. చీర మోకాళ్ల దాకా ఎత్తి దోపుకుంది. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో క్యారియర్. ఆటోలు లేవు. నడిచే వచ్చింది.

"ఏంది పాపా, ఇంత కిట్టలో ఉండి ఇంటికి రాలేవా? యాడ పండుకుంటావు?"

"మాడి మీదే, ఆ పైన. బాగుంది మా. నువ్వెందుకు వచ్చినావు ఈ వానలో?"

"మొళగు చారు. చల్లారకముందే తాగు." క్యారియర్‌లోంచి మిరియాల వాసన వచ్చింది. గేటు లోపల హవల్దార్ నాకు సెల్యూట్ చేసి వెళ్లాడు. అమ్మ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. "అంత పెద్దాయనకి నువ్వా ఆర్డరు ఇచ్చేది? నీ గొంతు పక్కనుండే నాకే ఇనపడదు. వాళ్లకెట్ల ఇనపడతాది?"

ఇద్దరం నవ్వాం. ఆ డ్యూటీలో నేను నవ్విన చివరి నవ్వు అదేనేమో, సరిగ్గా గుర్తులేదు.

*

ఆరోరోజు నా డ్రైవర్‌ని స్విచ్‌లోకి ఎక్కించాం. ప్లగ్ పీకే అలవాటు ఆగిపోయింది. నేనే రాసి గోడకు అంటించాను: స్విచ్ ఆపరాదు. హవల్దార్ చదివి తల ఊపాడు.

ఎనిమిదోరోజు దాకా లైను ఒక్కసారి కూడా చావలేదు. మూడుసార్లు పోర్టులు మూసుకుని తెరుచుకున్నట్టు పెట్టె తనే రాసుకునే లాగ్‌లో ఉంది. ఎవరికీ తెలియలేదు. మేజర్ అందరి ముందూ అన్నారు: "ఈ దళంలో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి అందరికంటే పెద్ద పని చేసింది." చప్పట్లు కొట్టారు. చెవులు కాలిపోయాయి. ఎక్కడ చూడాలో తెలియలేదు. సింకు వైపు చూశాను.

అదేరోజు రెండు నిర్ణయాలు జరిగాయి. ఒక్కో కాపలా చోటా అదనంగా ఉన్న వైర్‌లెస్ సెట్టు వెనక్కి తెచ్చి పడవల వాళ్లకి ఇవ్వాలి. పడవలకు చాలడం లేదు. లైను నమ్మకంగా ఉంది కదా. కాగితం నా దగ్గరికొచ్చింది. "లైను నమ్మదగినది" అని రాసి సంతకం పెట్టాను. రెండోది: ఆరు చోట్లా గడియారాలు తేడాగా ఉన్నాయి కాబట్టి కంట్రోల్ రూమ్ నుంచి నాలుగు సెకన్లకోసారి అందరికీ టైము పంపాలి. ఆపరేటర్ పది నిమిషాల్లో అమర్చేశాడు.

తొమ్మిదోరోజు ఉదయం కట్ట మీదికి లైన్‌మన్‌ని పంపాం. అంతకుముందున్న మనిషికి జ్వరం. అక్కడ తోడుగా చెరువు తూములు చూసే లస్కరు ఒకాయన ఉన్నాడు.

పదోరోజు. ఆరు ఇరవై. మిద్దె మెట్ల మీద టీ తాగుతున్నాను. వాన సన్నగా ఉంది. అప్పుడు తట్టింది.

నా కాపలా చూసే అంకె వచ్చినవీ పోయినవీ కలిపినది. ఇప్పుడు మేం నాలుగు సెకన్లకోసారి టైము పంపుతున్నాం. పోర్టుకి చెవుడు వచ్చినా పోయే లెక్క పెరుగుతూనే ఉంటుంది. అంకె ఆగదు. కాపలాకి ఏమీ కనబడదు. ఇక పరీక్షల్లో మేం పీకింది తీగని. తీగ పీకితే రాకా పోకా రెండూ ఆగుతాయి. ఒకవైపు మాత్రమే చచ్చిన లైనుని మేం ఒక్కసారీ పరీక్షించలేదు.

డైరీ తీశాను. అక్కడే మెట్ల మీద రాశాను. ఆ వాక్యాలు ఇప్పటికీ ఉన్నాయి: "రెండు లెక్కలూ విడదీయాలి. టైము పంపడం మొదలయ్యాక కాపలా గుడ్డిది అయి ఉండొచ్చు. ఖాయం చేసుకున్నాక చెప్పాలి. సాయంత్రం పరీక్ష."

ఖాయం చేసుకోవాలంటే లైను అరగంట ఆపాలి. ఆపాలంటే అడగాలి. అడగాలంటే, రెండురోజుల కింద చప్పట్లు కొట్టినవాళ్ల ముందు లేచి నిలబడి, నేను చేసింది సగమే అనాలి.

తొమ్మిదిన్నరకి రోజువారీ సమావేశం. చివర్లో మేజర్ నా వైపు తిరిగారు.

"లైను గురించి ఏమైనా ఉందా కెప్టెన్?"

గదిలో పన్నెండు మంది.

"ఏమీ లేదు సర్."

*

పద్నాలుగు గంటలు. డ్యూటీ మారింది. వాన మళ్లీ బలంగా పడుతోంది. కిటికీ అద్దాలు కనబడనంత. నేను బల్ల దగ్గర కొత్త కోడ్ రాస్తున్నాను. రెండు లెక్కలూ విడదీసేది. ఇరవై ఆరు వరుసలు. సగం అయ్యాయి.

హవల్దార్ స్విచ్ దగ్గరికి వచ్చాడు. దీపాలు చూశాడు. ఆరూ ఆకుపచ్చ. వంగి బల్ల కింద ప్లగ్ పట్టుకున్నాడు. పీకలేదు. తల తిప్పి నన్ను చూశాడు.

"ఒక్కసారి తీసి పెట్టమంటారా మేడమ్? జోరుగా ఉంది వాన. పాత అలవాటు, అంతే."

గోడ మీద నా చేతిరాతతో కాగితం ఉంది.

"అక్కర్లేదు హవల్దార్."

ఆయన చెయ్యి తీసేశాడు. లేచి నిలబడ్డాడు. రిజిస్టర్‌లో రాశాడు: లైను బాగుంది.

ఆరో పోర్టు చెవుడు పడింది పదమూడు యాభై రెండుకి. తర్వాత లాగ్ చూస్తే తెలిసింది.

పద్నాలుగున్నరకి ఆరు చోట్ల నుంచీ నీటిమట్టం రావాలి. ఐదే వచ్చాయి. ఆపరేటర్ అన్నాడు: "ఆరు పలకడం లేదు మేడమ్. దీపం ఉంది." నేను లేచేలోగా హవల్దార్ ఎవరినీ అడగకుండా ప్లగ్ పీకేశాడు. పది లెక్కపెట్టాడు, పైకి వినబడేలా. పెట్టాడు.

పద్నాలుగు ముప్పై నాలుగుకి తెర మీద నాలుగు సందేశాలు ఒకేసారి పడ్డాయి. జవాబు రాని వాటిని వాళ్ల యంత్రం దాచి ఉంచి మళ్లీ పంపుతుంది. మొదటి మూడూ ఒకటే, హిందీలో. పద్నాలుగు ఐదు, పద్నాలుగు ఎనిమిది, పద్నాలుగు పదకొండు. "పదకొండో రాయి దగ్గర కట్ట కారుతోంది. వీధులు ఖాళీ చేయించండి. జవాబు ఇవ్వండి."

నాలుగోది పద్నాలుగు పద్నాలుగుకి. ఇంగ్లీషు అక్షరాలు, ఆపరేటర్‌కి అర్థం కాలేదు. "ఇదేం భాష మేడమ్?"

తెలుగు. తెర మీద చదివాను: "మేడమ్, నాను దిగువకి ఎల్తన్నాను."

స్థలం వదలకూడదని లైన్‌మన్‌కి ఆజ్ఞ. తొమ్మిది నిమిషాలు వదల్లేదు. ఎందుకు ఆగాడో తర్వాత అర్థమైంది. వాడి తెర మీద మా టైము నాలుగు సెకన్లకోసారి వస్తూనే ఉంది. మేం ఉన్నాం, వింటున్నాం, ఇప్పుడో ఇంకాసేపట్లోనో పలుకుతాం అనుకున్నాడు. రెండో సెట్టు ఉంటే దానిలో పిలిచేవాడు. దాన్ని వెనక్కి రప్పించే కాగితం మీద నా సంతకం ఉంది.

లస్కరు తూము తెరవడానికి కట్ట ఆ చివరికి పరిగెత్తాడు. వీడు వీధుల్లోకి దిగాడు. తమిళం రాదు. తలుపులు బాదాడు, చెయ్యి చూపించాడు, లాగాడు. పద్నాలుగు నలభైకి గండి పడింది. మేం పంపిన పడవలు చేరేసరికి పదిహేను పది. రెండు వీధుల జనమూ స్కూలు పై అంతస్తులో ఉన్నారు. చివరి ఇంట్లో మంచం మీదున్న ముసలామె కోసం వాడు వెనక్కి వెళ్లాడని చెప్పారు. గోడ కూలింది.

మర్నాడు ఏడూ పావుకి ఇద్దరూ దొరికారు. ఆమె వాడి వీపు మీదే ఉంది. వాడు తన బెల్టుతో ఆమెను కట్టుకున్నాడు.

తొమ్మిది నిమిషాలు. అంత ముందు దిగి ఉంటే ఆ చివరి ఇంటికి రెండుసార్లు వెళ్లి వచ్చేంత టైము ఉండేది. ఇది ఎవరూ లెక్కకట్టి చెప్పలేదు. నేనే నడిచి చూశాను, గడియారం పట్టుకుని.

*

విచారణ అదే ల్యాబ్‌లో జరిగింది. నీళ్లు తగ్గాయి, బురద వాసన మిగిలింది. కర్నల్ ఒకరు వచ్చారు. నెమ్మదైన మనిషి. అడిగారు: "ఈ లోపం గురించి నీకు ముందే అనుమానం ఉందా?"

లేదంటే సరిపోయేది. ఎవరికీ తెలియదు. పాలకవర్ విప్పి డైరీ బల్ల మీద పెట్టాను.

ఆయన పేజీ తిప్పి చూశారు. తలకిందులుగా పట్టుకున్నారని నేనే సరిచేశాను.

"ఏ భాష?"

"తెలుగు సర్."

"ఇక్కడ ఇది చదవగలిగినవాళ్లు ఎవరున్నారు?"

"ఒకడు ఉండేవాడు సర్."

చదివి అర్థం చెప్పమన్నారు. చదివాను. ఆరు ఇరవై, మెట్లు, టీ, రెండు లెక్కలు. విచిత్రం, ఆరోజు అందరికీ వినబడింది.

ఆయన పెన్నుకి మూత పెట్టారు. తర్వాత అన్నారు:

"రాశావు. ఎవరికి రాశావు?"

డైరీ మళ్లీ పాలకవర్లో చుట్టాను.

నివేదికలో పరికరం లోపం అని తేలింది. నాకొక హెచ్చరిక ఉత్తరం వచ్చింది. అంతే. మిగిలిన పదమూడు వరుసలు గండి పడిన సాయంత్రమే పూర్తి చేశాను. ఒకవైపు మాత్రమే చచ్చేలా చేసి పరీక్షించాను. వచ్చినవి వేరు, పోయినవి వేరు. అసలు పిలుపు తప్పిపోయే చోటు కూడా దొరికింది, ఇంకో నెలకి. ఆ డ్రైవర్ తర్వాత చాలా దళాలకు వెళ్లింది. నాకు తెలిసినంతవరకు మళ్లీ ఆగలేదు. ఆ వార్త వచ్చినరోజు కూడా నాకు సంతోషం వేయలేదు.

లైన్‌మన్ సామాను ఇంటికి పంపేటప్పుడు జాబితా నేనే రాశాను. యూనిఫాం రెండు జతలు, దువ్వెన, స్తంభాలు ఎక్కే తాడు, భార్య ఫోటో. అడుగున ఒక ఖాళీ పాలకవర్, శుభ్రంగా కడిగి ఆరబెట్టింది. నాకు ఇద్దామని దాచాడో, తనకే దేనికైనా కావాలో. జాబితాలో రాయలేదు. నా దగ్గరే ఉంచుకున్నాను.

ఐదేళ్లు పూర్తికాగానే బయటికొచ్చాను. బస్సు దిగి ముత్తియాల్‌పేటకి ఆటోలో వచ్చాను. ఎండ కాస్తోంది. అమ్మ తలుపు తీసింది. "వచ్చేసినావా? ఇంక పోవు కదా?" అంది. పోనన్నాను. "ఏందది, గట్టిగా చెప్పు." మళ్లీ చెప్పాను.

ఇది నేను ఇతరుల కోసం రాస్తున్న మొదటిది. చదవనిస్తానని ఒకరికి మాటిచ్చాను. ఆలస్యమైంది.

గోడ కింద నుంచి తీసినప్పటి వాళ్లిద్దరూ కాదు నాకు కలలో వచ్చేది. మూసిన కళ్ల ముందుకు ఎప్పుడూ ఒకటే వస్తుంది. నల్లరాతి బల్ల. బల్ల కింద, వానకి తడిసిన చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి, ప్లగ్‌ని రెండు వేళ్లతో పట్టుకున్న హవల్దార్ చెయ్యి. పీకడు. వదలడు. నా మాట కోసం చూస్తుంటాడు. ఆరు దీపాలూ ఆకుపచ్చగా ఉంటాయి.